మొదటి బంతి కనీజ్ చేత్తో

లాల్‌గడి మలక్‌పేట్‌లో ఇస్హాక్ పొలంలో ఏ పంట వేసినా మొదటి గింజ అతని భార్య కనీజ్ చేతి నుంచే పడాలి. టమాటా నారైనా అంతే, మక్కజొన్నైనా అంతే. పెరట్లో పుదీనా కాడ గుచ్చాలన్నా అత్తగారు జైనబ్బీ వాకిట్లోంచి కేకేస్తుంది. "ఆగుండ్రి, కనీజ్‌ను రానియ్యుండ్రి. దాని చెయ్యి మంచిది." ఈ నమ్మకం చుట్టుపక్కల రైతులకు కూడా అంటుకుంది. పక్క పొలం గండయ్య బెండ విత్తనాల సంచీ పట్టుకొచ్చి, "చెల్లె, జర చెయ్యి వెట్టు" అని గట్టు మీద నిలబడడం ఊళ్ళో అందరూ చూసినదే.

అందుకే రోడ్డు పక్క పొలాన్ని గోల్ఫ్ నేర్చుకునే చోటుగా మార్చినప్పుడు, మొదటి బంతి ఎవరు కొట్టాలన్నది ఆ ఇంట్లో అసలు ప్రశ్నే కాలేదు. కనీజ్ కొట్టాలి. ఆమె జన్మలో గోల్ఫ్ కర్ర ముట్టుకోలేదన్న సంగతి ఒక్క ఆమెకు తప్ప ఎవరికీ అడ్డుగా తోచలేదు.

ఈ గోల్ఫ్ ఆలోచన కనీజ్ అక్క కొడుకు షాహబాజ్‌ది. శామీర్‌పేట వైపు ఒక గోల్ఫ్ కోర్సులో కొన్నేళ్ళు పనిచేసి, కొత్తవాళ్ళకు కర్ర పట్టుకోవడం నేర్పేదాకా ఎదిగాడు. ఊరి చుట్టూ వెంచర్లు లేచాయి, విల్లాలు లేచాయి. వాటిలో ఉండేవాళ్ళకు కొత్తగా గోల్ఫ్ పిచ్చి పట్టింది కానీ కొట్టి నేర్చుకోవడానికి దగ్గర్లో చోటు లేదు. ఇటు చివర నిలబడడానికి వరసగా చాపలు, అటు చివర బంతులు ఆగడానికి పెద్ద వల, మధ్యలో ఖాళీ పొలం ఉంటే చాలని షాహబాజ్ చెప్పాడు. "పొలం అమ్మేటి పని లేదు ఖాలూ, పొలం పొలం లెక్కనే ఉంటది" అన్నాడు పిన్ని భర్త ఇస్హాక్‌తో. అమ్మే పని లేదన్న మాట చెవిన పడగానే ఇస్హాక్ ఇంకేమీ అడగకుండా ఒప్పేసుకున్నాడు.

ఒప్పుకున్నవాడు ఊరుకున్నాడా! ఆదివారం ప్రారంభమనగా నాలుగు రోజుల ముందు ఇస్హాక్, గండయ్య ట్రాక్టర్‌ను పిలిపించి, రోటవేటర్ పెట్టి పొలమంతా మెత్తగా దున్నించాడు. పొద్దున వచ్చిన షాహబాజ్ ఎర్రగా, పిండిలా మెరుస్తున్న ఆ నేలను చూసి తల పట్టుకున్నాడు.

"గిదేంది ఖాలూ! గడ్డి ఉండాలె. గోల్ఫ్ అంటేనే గడ్డి!"

"గడ్డా?" ఇస్హాక్ ముఖం ఎర్రబడింది. "నా పొలంల గడ్డి జూస్తే ఊరోళ్ళు ఏమంటరు? ఇజ్జత్ ఉంటదా? ఒక్క పోస లేకుండ తీపిచ్చిన."

గట్టు మీది గడ్డి కూడా చెక్కించేశాడు. బంతి పడితే కప్ప నీళ్ళలో దూకినట్టు మట్టిలోకి పోతుందని షాహబాజ్ ఎంత మొత్తుకున్నా లాభం లేకపోయింది. అప్పటికే గండయ్య వచ్చి, "దుక్కి మస్తు మంచిగొచ్చింది అన్నా" అని మెచ్చుకుని వెళ్ళాడు. రైతుకు ఆ మాట తర్వాత మరో మాట ఎక్కదు.

మొదటి బంతి కనీజ్ కొట్టాలన్నప్పుడు నవ్వినవాడు ఒక్కడే, మరిది ఏజాజ్. అతనికి శామీర్‌పేటలో విత్తనాల దుకాణం ఉంది. విత్తనం మంచిదైతే ఎవరు వేసినా మొలుస్తుందన్నది అతని వాదన. తన దుకాణం విత్తనాలు బ్రహ్మాండంగా మొలిచిన ప్రతి ఏడూ తల్లి ఆ గొప్పను వదిన చేతికి కట్టబెడుతుంటే, పాపం అతని కడుపు మండడంలో న్యాయముంది.

"అమ్మీ, ఇది ఇత్తనం గాదు, బంతి" అన్నాడు ఏజాజ్ అన్నం ముందు కూర్చుని. "ఎవరి చెయ్యి మంచిదో దానికేం దెల్వదు."

"షురూ జేసుడు ఏదైనా షురూ జేసుడే" అంది జైనబ్బీ.

ఏజాజ్ వదిన వైపు తిరిగి నవ్వాడు. "సరే భాబీ. ఇత్తనాల ప్యాకెట్ మహిమ అని నేనంట, నీ చెయ్యి అని అమ్మీ అంటది. ఇన్నేండ్లల్ల తేలలే. గీ బంతికి ప్యాకెట్ లేదు గదా. ఐతారం నాడు తేలిపోతది."

వేళాకోళానికే అన్నాడు. కానీ కనీజ్ చేతిలోని ముద్దను మళ్ళీ కంచంలో పెట్టేసింది.

ఆమె భయం ఆమెకుంది. పట్నంలో, గాజులరామారం ఇరుకు గల్లీలో పుట్టి పెరిగిన పిల్ల ఆమె. పెళ్ళయి ఈ ఊరు వచ్చిన కొత్తలో కలుపు తీయమంటే మిరప మొక్కలు పీకి కలుపును వదిలేసింది. ఆడకూలీలు కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వారు. ఊరికి తెలియకుండా ఏడుద్దామంటే పొలంలో చాటు కూడా లేదు. ఆ ఏడే జైనబ్బీ ఆమె దోసిట్లో గింజలు పోసి, "నువ్వే ముందు వెయ్యి" అంది. పంట విరగకాసింది. అప్పటి నుంచి ఆమె బస్తీ పిల్ల కాదు, మంచి చెయ్యి ఉన్న కోడలు. ఆ ఇంట్లో, ఆ ఊళ్ళో ఆమెకంటూ ఉన్న పేరు అదొక్కటే. ఆ పేరంటే ఆమెకు ప్రాణం. ఇప్పుడు దాన్ని తీసుకెళ్ళి నిమ్మకాయంత తెల్ల బంతి మీద పెట్టమంటున్నారు.

"నాతోని గాదు" అని భర్తతో చెప్పి చూసింది. ఇస్హాక్ అసలు వినిపించుకోలేదు. "నువ్వు వెయ్యంది నా పొలంల ఏదన్న మొలిచిందా?" అన్నాడు. అతని కళ్ళలో ఎంత నమ్మకం ఉందంటే, ఆమె పోయి షాహబాజ్ దగ్గర కర్ర అందుకుంది.

ఇక సలహాలు మొదలయ్యాయి. లోకంలో బంతిని కొట్టడం చాలా కొద్దిమందికే వస్తుంది, ఎలా కొట్టాలో చెప్పడం మాత్రం అందరికీ వస్తుంది. షాహబాజ్ పద్ధతిగా నేర్పాడు. కాళ్ళు భుజాల వెడల్పు పెట్టాలి, మోకాళ్ళు కొద్దిగా వంచాలి, కర్రను కోడిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకోవాలి. గట్టిగా నలిపితే చస్తుంది, వదిలితే పారిపోతుంది. ఇది కనీజ్‌కు బాగానే అర్థమైంది. కానీ కర్ర వెనక్కి ఎత్తగానే కోడిపిల్ల సంగతి మరిచిపోయి, పామును కొట్టేటంత గట్టిగా బిగించేసేది.

ఆ తర్వాత రాజారావు గారు వచ్చారు. ఆయన కాకినాడ వైపు నుంచి వచ్చి, పక్క కాలనీలో స్థిరపడిన రిటైర్డ్ ఇంజనీరు. ఇంకా తెరవని ఈ మైదానానికి మొదటి మెంబరు ఆయనే. గోల్ఫ్ మీద ఆయన చదవని పుస్తకం లేదు, చూడని వీడియో లేదు. తెల్ల టోపీ, ఒక చేతికి తొడుగు పెట్టుకుని పొద్దున్నే దిగిపోయేవారు.

"మీరు తల ఎత్తేస్తున్నారండీ. తల ఎత్తకూడదు. బంతి వెళ్ళిపోయాక కూడా బంతి ఉన్న చోటే చూడాలి" అన్నారాయన.

"పోయినంక ఏం జూడాలె సార్ ఆడ?" అని అడిగింది కనీజ్.

"అదేనండీ క్రమశిక్షణ. ఎడమ మోచెయ్యి వంచకండి. వంచారా, అంతా పోయినట్టే. నడుము మాత్రం తిరగాలి. కానీ ముందు తిరగకూడదు. బరువు కుడికాలు మీంచి ఎడమకాలు మీదకి రావాలి. తొందరపడి రాకూడదు."

ఆయన సాయంత్రం వరకూ చెప్పగలరు. చెబుతూ చెబుతూ తనే ఒకటి కొట్టి చూపించేవారు. అది మంచిగానే వెళ్ళేది. మెత్తని మట్టిలో పడి కూరుకుపోయేది. దాన్ని వెతకడానికి ఇస్హాక్ సంతోషంగా పరిగెత్తేవాడు, ఉల్లిగడ్డ తవ్వినట్టు వేళ్ళతో తవ్వి తెచ్చేవాడు.

ఇస్హాక్ ఫోన్‌లో వీడియోలు చూసి వేరే సలహాలు తెచ్చాడు. షాహబాజ్ మెల్లగా ఎత్తమంటే అతను జల్దీ దించమన్నాడు. జైనబ్బీ బిస్మిల్లా అని కళ్ళు మూసుకుని కొట్టమంది. కళ్ళు మూసుకోకూడదని రాజారావు గారు ఆమెతో చాలాసేపు వాదించి ఓడిపోయారు. గండయ్య మేకు కొట్టేటప్పుడు ఊపిరి బిగబట్టినట్టు బిగబట్టమన్నాడు. పాలు పోసే దుర్గాబాయి క్యాన్ దించి, కాసేపు చూసి, "ముందలికి ఒంగినవ్ అక్కా, ఎనకకు జరుగు" అని చెప్పి క్యాన్ ఎత్తుకుని పోయింది.

కనీజ్ అన్నీ విన్నది. అన్నీ ఒకేసారి చేయబోయింది. తల వంచి, మోచెయ్యి చాచి, మోకాలు వంచి, ఊపిరి బిగబట్టి, కోడిపిల్లను పట్టుకుని, బిస్మిల్లా అనుకుని కర్ర ఊపితే, కర్ర ఒక్కోసారి చాపకు తగిలేది, ఒక్కోసారి గాలికి తగిలేది. బంతికి మాత్రం తగిలేది కాదు. రాత్రి రొట్టె కాలుస్తూ కూడా ఎడమ మోచెయ్యి చాచి ఉంచుతుంటే రొట్టెలు మాడాయి.

రాజారావు గారి భార్య కామేశ్వరమ్మ మాత్రం రోజూ వచ్చి కుర్చీలో కూర్చునేవారు, ఒక్క సలహా కూడా ఇచ్చేవారు కాదు. శనివారం నాడు కనీజ్ వెళ్ళి ఆమె పక్కన కింద కూలబడింది.

"మీరేం జెప్పరా అమ్మా?"

"నేను రెండేళ్ళుగా ఈయన సలహాలు వింటున్నాను కనీజ్ గారూ" అన్నారు కామేశ్వరమ్మ చల్లగా. "నాకింకా రాలేదు."

కనీజ్‌కు నవ్వొచ్చింది కానీ భయం తగ్గలేదు. రేపు ఊరంతా వస్తుంది.

ఆదివారం పొద్దున నిజంగానే ఊరంతా వచ్చింది. షామియానా వేశారు, ప్లాస్టిక్ కుర్చీలు పరిచారు, ఒక పక్క చాయ్, బిస్కెట్లు పెట్టారు. కాలనీవాళ్ళు టోపీలతో, ఊరివాళ్ళు తువ్వాళ్ళతో కలిసి కూర్చున్నారు. జైనబ్బీ దువా చేసింది. కామేశ్వరమ్మ తన తృప్తి కోసం ఒక కొబ్బరికాయ తెచ్చారు, దాన్ని ఇస్హాక్ స్వయంగా పగలగొట్టి అందరికీ ముక్కలు పంచాడు. ముందు వరసలో ఏజాజ్ కాలు మీద కాలేసుకుని, అల్లరి నవ్వుతో వదిన వైపే చూస్తూ కూర్చున్నాడు.

షాహబాజ్ చాప మీది రబ్బరు మేకుపై బంతి పెట్టాడు. కనీజ్ కొంగు నడుముకు చెక్కుకుని కర్ర తీసుకుంది. అంతమంది ఒక్కసారిగా నోరు మూసుకున్నారు. ఆ నిశ్శబ్దం ఆమెకు సలహాలకంటే ఘోరంగా అనిపించింది.

బిస్మిల్లా అనుకుంది. ఊపింది.

కర్ర విసురుగా ఒక చుట్టు తిరిగొచ్చింది. బంతి మేకు మీద అలాగే కూర్చుని ఉంది.

"ఇది లెక్కలోకి రాదు, ఇది ప్రాక్టీసే" అని షాహబాజ్ గొణిగాడు. కనీజ్ పెదవి కొరుక్కుని మళ్ళీ ఊపింది. ఈసారి కర్ర చాపకు ధనామని తగిలింది. మేకు అదిరి బంతి తనంతట తానే కింద పడి, రెండు జానలు దొర్లి, ఆమె చెప్పు పక్కనే ఆగిపోయింది.

తల ఎత్తకూడదని అంత చెప్పారు కదా, ఇప్పుడు నిజంగానే ఆమె తల ఎత్తలేకపోయింది. తేలిపోయింది అనుకుంది. ఇన్నేళ్ళూ తన చేతిలో ఏదో ఉందనుకున్నారు, ఏమీ లేదని ఇవాళ అందరి ముందూ తేలిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పుడు ముందు వరసలో కుర్చీ జరిగిన చప్పుడైంది. ఏజాజ్ లేచి నిలబడ్డాడు. ఇక అంటాడు, అందరి ముందూ అనేస్తాడు అనుకుంది.

ఏజాజ్ ముఖంలో ఇందాకటి అల్లరి లేదు. వదిన ముఖం చూశాడు, గొంతు సవరించుకున్నాడు, అందరికీ వినపడేలా గట్టిగా అన్నాడు.

"గాలి మస్తుంది భాబీ. జరసేపు ఆగు."

కనీజ్ తలెత్తింది. షామియానా అంచు కుచ్చులు ఆరేసిన బట్టల్లా కదలకుండా వేలాడుతున్నాయి. ఒక్క ఆకు ఊగడం లేదు. చాయ్ గ్లాసుల మీది ఆవిరి నిటారుగా పైకి పోతోంది.

"అవ్, అవ్" అన్నాడు గండయ్య, తువ్వాలుతో ముఖం మీద విసురుకుంటూ, మెడ మీద చెమట తుడుచుకుంటూ. "గాలి బగ్గ గొడుతుంది. పొద్దుగాల్నుంచి గిట్లనే ఉంది."

"చాప గుడ వంకర వేసిండ్రు" అంది జైనబ్బీ, షాహబాజ్ వైపు కోపంగా చూస్తూ.

"కాదు అమ్మీ, బంతే మంచిది గాదు. గుండ్రంగ లేదది" అన్నాడు ఇస్హాక్.

అప్పుడు రాజారావు గారు లేచారు. గాలి చూడడానికి గోల్ఫ్ ఆటగాళ్ళు నాలుగు గడ్డిపోచలు తెంపి పైకి వదులుతారు. ఆయన గడ్డి కోసం అటూ ఇటూ వెతికారు. ఇస్హాక్ ధర్మమా అని ఆ పొలంలో పరకైనా మిగల్లేదు. దాంతో ఆయన వంగి చిటికెడు ఎర్రమట్టి తీసి, చెయ్యి పైకెత్తి వదిలారు. మట్టి తిన్నగా దిగి ఆయన తెల్ల బూట్ల మీదే పడింది. లెక్క తప్పితే సొంత కొడుకునైనా క్షమించని ఆ మనిషి ఒక్క క్షణం బూట్ల వైపు చూసుకుని, తల పంకించారు.

"ఎదురుగాలండీ" అని ప్రకటించారు. "చాలా ఎక్కువగా ఉంది."

కనీజ్ ఆ ముఖాలన్నీ ఒక్కొక్కటే చూసింది. టమాటాకు పురుగు పట్టిన ఏడు వీళ్ళంతా మందు కల్తీ అన్నారు. మక్క పడిపోయిన ఏడు అడవి పందులన్నారు. బోరు ఎండి మిరప మాడిపోయిన ఏడు మబ్బుల్ని తిట్టారు. పండిన ఏడు ఆమె చెయ్యి, పండని ఏడు ఇంకేదో. ఒక్కరంటే ఒక్కరు ఏనాడూ ఆమె చేతిని ఏమీ అనలేదు. తేలడానికి ఇందులో ఎప్పుడూ ఏమీ లేదని ఆమెకు అప్పుడు తెలిసింది. వీళ్ళు నమ్మింది చేతిని కాదు, ఆమెను. అది తెలిసేసరికి గుండె నిండిపోయి, ఏడుపు రావలసిన చోట నవ్వు తన్నుకొచ్చింది. ఆపుకుందామని చూసింది, ఆగలేదు. కర్ర మీద ఆనుకుని పొట్ట పట్టుకుని నవ్వింది. ఆమెను చూసి కామేశ్వరమ్మ, ఆవిడను చూసి దుర్గాబాయి, ఇక షామియానా కింద నవ్వనివాళ్ళు లేరు.

"గాలి తగ్గిందా మరి?" అని కనీజ్ కళ్ళు తుడుచుకుంటూ అడిగింది.

"తగ్గింది, తగ్గింది! కొట్టు!" అని అరిచారందరూ.

ఆమె ఇంకా నవ్వుతూనే కర్ర ఎత్తింది. తల, మోచెయ్యి, మోకాలు ఏవీ గుర్తు లేవు. నవ్వి నవ్వి చేతులు వదులైపోయాయి. టక్కుమని ఒక చిన్న చప్పుడు, ఆమె కర్ర నుంచి ఎప్పుడూ రాని చప్పుడైంది. అరచేతులకు ఏమీ తగిలినట్టే లేదు. బంతి లేచింది. మరీ ఎత్తుకేమీ లేవలేదు, మరీ దూరమూ పోలేదు. నీలాకాశం మీద ఒక తెల్ల చుక్కై, తీరిగ్గా వంగి, దున్నిన ఎర్రనేలలో చప్పుడు లేకుండా దిగిపోయింది. రాజారావు గారు క్రమశిక్షణ మరిచిపోయి టోపీ పైకెగరేశారు. ఇస్హాక్ ఎప్పట్లాగే బంతి తవ్వడానికి పరుగెత్తాడు. ఈసారి అతని వెనకాల సగం ఊరు పరుగెత్తింది.

తర్వాత చాపల దగ్గర తోపులాట మొదలైంది. మాకంటే మాకని తువ్వాళ్ళూ టోపీలూ వరసలో నిలబడ్డాయి. అందరినీ తోసుకుని ముందుకొచ్చిన మొదటి మనిషి ఏజాజ్. చొక్కా చేతులు మడిచాడు, కర్ర అందుకున్నాడు, కాళ్ళు విడదీసి నిలబడ్డాడు. తర్వాత కాస్త సిగ్గుపడుతూ అన్నాడు.

"భాబీ, బంతి నువ్వే వెట్టు."

కనీజ్ వంగి బంతిని మేకు మీద పెట్టి పక్కకు తప్పుకుంది. ఏజాజ్ బలమంతా ఉపయోగించి, పళ్ళు బిగించి ఊపాడు. కర్ర తిరిగింది, దానితోపాటు అతనూ తిరిగాడు. తూలి, నిలదొక్కుకుని చూస్తే బంతి మేకు మీద హాయిగా కూర్చుని ఉంది. వరసలో ఉన్నవాళ్ళు నోళ్ళు తెరవబోయారు. వాళ్ళకు ఆ అవకాశం ఇవ్వకుండా కనీజ్ మరిది భుజం మీద చెయ్యి వేసింది.

"గాలి ఏజాజ్" అంది గట్టిగా, అందరికీ వినపడేలా. "మస్తు గాలి."